చర్చి వాళ్ల సేవా సంఘంతో ఆదివారాలు ఊళ్లమీదకి వెళ్లొచ్చా? (పర్లాకిమిడి)

చోడి అంబలి
అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. మాది ఒడిశాలో పర్లాకిమిడి. నాన్నది పాతపట్నం, అమ్మది ఇక్కడే. ఒక ప్రైవేటు ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తున్నాను, ఆదివారం సెలవు.

మా ఎదురింటి ఆంటీ వాళ్లు కథోలికులు. వాళ్ల చర్చిలో ఒక చిన్న సేవా సంఘం ఉంది. రెండో ఆదివారం, నాలుగో ఆదివారం కొండ కింది ఊళ్లకి వెళ్తారు. ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు, ఎవరూ లేనివాళ్ల ఇళ్లకి. "రాయడం చదవడం వచ్చిన పిల్ల ఒకతె కావాలే, వస్తావా?" అని మొన్న అడిగారు.

నాకు వెళ్లాలనే ఉంది. అమ్మకే టెన్షన్. వాళ్లు నిన్ను మార్చేస్తారేమో అని ఒకటి. నువ్వు వాళ్లతో తిరిగితే జనాన్ని మారుస్తున్నావని ఎవరైనా గొడవకొస్తారేమో అని రెండోది. రెండో భయం నాకూ కొంచెం ఉంది. పైగా ఒడియా మాట్లాడటం బాగానే వచ్చు కానీ చదవడం కూడబలుక్కుని. కొండ ఊళ్లవాళ్ల భాష సవర ఒక్క ముక్క రాదు. నేను వెళ్లి ఏం ఉద్ధరిస్తాను అనిపిస్తోంది. ఇలాంటివాటిలో తిరిగినవాళ్లు ఉంటే చెప్పండి.

పాతపట్నం బస్సు
వెళ్లండి. పాత చెప్పులేసుకోండి. నీళ్ల సీసా మర్చిపోవద్దు. మిగతావి పెద్దవాళ్లు చెప్తారు.

నౌపడా జంక్షన్
మీ అమ్మగారిని తప్పుపట్టలేం. నా చిన్నప్పుడు మా ఊరికి ఒక ప్రార్థన బృందం వచ్చేది. ఏ చర్చి వాళ్లో నాకిప్పటికీ తెలీదు. పాటలకి వచ్చి కూర్చున్న పిల్లలకే నోటుబుక్కులు ఇచ్చేవారు. నాకూ రెండొచ్చాయి. మా నాన్న చూసి, "వెళ్లి ఇచ్చేసి రా" అన్నాడు. అప్పటికే ఒకదాంట్లో ఎక్కాలు రాసేసుకున్నాను. ఆ పేజీలు చింపి తిరిగిచ్చిన సిగ్గు ఇంకా గుర్తుంది.

ఒడిశాలో మతస్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది. బలవంతంగా గానీ, ఆశ చూపి గానీ, మోసంతో గానీ మతం మార్పిస్తే నేరం. స్వాతంత్ర్యం తర్వాత ఇలాంటి చట్టం ముందు తెచ్చిన రాష్ట్రం మనదే. ఊరికే తెచ్చుంటారా? వెళ్తే వెళ్లండి గానీ కళ్లు తెరుచుకుని వెళ్లండి.

బరంపురం బామ్మ
అమ్మా చోడి అంబలీ, పేరు బాగుంది, చదవగానే ఆకలేసింది.

నేను పుట్టుకతో కథోలికురాలిని. బరంపురంలో ఇలాంటి సంఘంలోనే ముప్పై ఏళ్ల పైచిలుకు తిరిగాను. ఇప్పుడు మోకాళ్లు సహకరించక లెక్కలు మాత్రం చూస్తున్నాను. ముందు నౌపడా బాబు నోటుబుక్కుల సంగతి. అది తప్పే. ఎవరు చేసినా తప్పే. ఆకలితో ఉన్నవాడి ఎదుట కంచం పెట్టి "ముందు ఇది చదువు" అంటే అది సేవ కాదు, బేరం. మా ఫాదర్ గారు కొత్తగా చేరేవాళ్లకి మొదట చెప్పే మాట కూడా ఇదే. సంచీలో బియ్యం తప్ప కరపత్రం ఉండకూడదు.

ఇక పద్ధతి. దీనికి మూలం 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే కుర్రాడు స్నేహితులతో పెట్టిన సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ. అప్పటికి అతనికి నిండా ఇరవై. లా చదువుతున్నాడు. కుర్రాళ్లు వాదించుకునే ఒక సభలో ఎవరో లేచి, మీ చర్చి ఒకప్పుడు ఎన్నో చేసుండొచ్చు, ఇప్పుడు పేదవాళ్లకి ఏం చేస్తోందో చూపించండి అని నిలదీశాడట. వీళ్ల దగ్గర జవాబు లేదు. సరే అని ఇళ్లకి తిరగడం మొదలుపెట్టారు. ఎవరింటికి వెళ్లాలో కూడా తెలీదు పాపం. ఆ పేటల్లో ఏళ్లుగా తిరుగుతున్న రోజలీ రెండ్యు అనే సిస్టర్ దగ్గరికి వెళ్తే, ఆమె ఇళ్లు చూపించి, రొట్టె చీటీలిచ్చి పంపింది.

ఆ పద్ధతే ఇప్పటికీ. ఎప్పుడూ ఇద్దరిద్దరుగా వెళ్లాలి. ఒక్కళ్లే వెళ్తే తెలిసీ తెలియక మాట ఇచ్చేస్తాం, లేదా కళ్లనీళ్లు పెట్టుకుని ఉన్నదంతా ఇచ్చేస్తాం. మీటింగు చివర ఒక గుడ్డ సంచీ చేతులు మారుతుంది. అందరూ అందులో చెయ్యి పెట్టాలి. పది వేసినవాడూ, వెయ్యి వేసినవాడూ, ఏమీ లేక ఉత్త చెయ్యి పెట్టి తీసినవాడూ ఒకటే. మా సంఘంలో రిక్షా తొక్కే ఆయన ఒకాయన ఉండేవాడు. ఆయన చెయ్యి సంచీలో కాసేపు ఎక్కువ ఉండేది. ఏం వేసేవాడో ఈనాటికీ ఎవరికీ తెలీదు.

చోడి అంబలి
థాంక్స్ బామ్మ గారూ. ఇంట్లోకి వెళ్లాక అసలు ఏం చేస్తారు? నాకు అదే అర్థం కావట్లేదు. కొత్తవాళ్లింటికి వెళ్లి "మీరు పేదవాళ్లట కదా, చూసి పోదామని వచ్చాం" అన్నట్టు ఉండదా?

బరంపురం బామ్మ
ఉంటుంది. మొదట్లో నాకూ అలాగే ఉండేది. నా తప్పొకటి చెప్తాను, విను.

చేరిన కొత్తలో ఒక మామ్మ ఇంటికి బియ్యం బస్తా రిక్షాలో వేయించుకుని వెళ్లాను. పాతిక కిలోలు. వీధి మొదట్లోనే దిగి, "ఫలానా మామ్మ ఇల్లెక్కడ" అని నలుగుర్ని అడిగాను. వెళ్లేసరికి తలుపు గొళ్లెం పెట్టుంది. లోపల మనిషి ఉంది, దగ్గు వినిపిస్తోంది. తియ్యలేదు. నాకు ఒళ్లు మండింది. బస్తా పక్కింట్లో పెట్టి వచ్చేశాను.

వారం తర్వాత నా జతగత్తె వెళ్తే మామ్మ తలుపు తీసి అన్న మాట: "బస్తా ఏసుకొస్తే ఈదంతా సూస్తాది తల్లీ. రేపు నా మనవరాలికి సంబంధం ఎవుడిస్తాడు?" అప్పట్నుంచి మా సంఘంలో బస్తాలు లేవు. సంతకెళ్లే చేతిసంచీలో, పైన రెండు వంకాయలో తోటకూరో వేసి, చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్తాం.

లోపలికి వెళ్లాక చాప వేస్తే చాపమీద కూర్చో. మంచినీళ్లిస్తే తాగు. పొయ్యి వైపు, గిన్నెల వైపు చూపు పోనివ్వకు. వాళ్లు చెప్పేది విను. ఇచ్చేది వచ్చేముందు, లేచేటప్పుడు. ఇంతే.

నౌపడా జంక్షన్
ప్రార్థన చెయ్యరా మరి?

బరంపురం బామ్మ
మా మీటింగులో చేసుకుంటాం. వాళ్లింట్లో, వాళ్లు కథోలికులైతే, అడిగితే చేస్తాం. లేకపోతే లేదు. ఒక వైష్ణవుల ఇంటికి నాలుగేళ్లు వెళ్లాను. ఆ పెద్దాయన నాకే జగన్నాథుడి కథలు చెప్పేవాడు. రథం రోజున ప్రసాదం దాచి ఉంచేవాడు.

నౌపడా జంక్షన్
తిన్నారా?

బరంపురం బామ్మ
ఖాజా అయ్యా అది. ఎవరు వదులుతారు?

తిత్లీ తర్వాత
ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన గజపతి జిల్లా కొండ ఊళ్లు కొట్టుకుపోయాయి. నేనప్పుడు ఒక చర్చి బృందంతో పదిరోజులు తిరిగాను. నాకు మతం పట్టింపు లేదు, వాళ్ల దగ్గర జీపు ఉంది, నాకు డ్రైవింగ్ వచ్చు, అంతే. మన వైపు అక్టోబరు రెండో వారం అంటే ఇప్పటికీ గుండెలో రాయి పడుతుంది. 2013లో ఫైలిన్ అక్టోబరు 12, గోపాల్‌పూర్ దగ్గర. 2014లో హుద్‌హుద్ మళ్లీ అదే 12, విశాఖ. తర్వాత తిత్లీ 11. క్యాలెండరు చూసుకుని వస్తాయేమో.

చెప్పాలనుకున్నది ఇది. మొదటి మూడు రోజులు ఏమీ రాలేదు. దారుల మీద చెట్లు. నాలుగో రోజు నుంచి లారీలే లారీలు. బట్టలు! జరీ చీరలు, కోట్లు, చిన్నపిల్లల పుట్టినరోజు గౌన్లు, ఒక లారీలోనైతే టైలు కూడా. కొండమీద మనిషి ఇల్లు పోయి వానలో నిలబడితే మనం టై ఇచ్చాం. ఒక ఊళ్లో ఆ బట్టల గుట్ట స్కూలు వరండాలో తడిసి, వాసనొచ్చి, చివరికి తగలబెట్టారు. అసలు కావల్సినవి ఏంటంటే టార్పాలిన్, తాడు, అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, ఉప్పు, నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు. ఇంకా ముఖ్యంగా నష్టం అప్లికేషన్లు ఒడియాలో రాసిపెట్టే మనిషి.

ఇంకో చిత్రం. మేం పంపమన్న అడ్రసు రాయగడ బ్లాకు. ఒక లారీ నేరుగా రాయగడ టౌనుకి వెళ్లిపోయింది. గజపతి జిల్లాలో కూడా రాయగడ అని ఒక బ్లాకు ఉందని బయటివాళ్లకి ఎవరు చెప్పాలి? డ్రైవరు ఫోన్ చేసి "సార్, ఇక్కడ తుఫానేం రాలేదంటున్నారు, దించెయ్యమంటారా?" అన్నాడు.

పాతపట్నం బస్సు
టైలు 😀 మేం కూడా పంపాం అన్నా. టైలు కాదు, బ్రెడ్డు. మా వీధి నుంచి మూడు వందల బ్రెడ్డు ప్యాకెట్లు. చేరేసరికి బూజు పట్టాయని తర్వాత తెలిసింది.

బరంపురం బామ్మ
ఇదంతా నాలుగు వందల ఏళ్ల పాత కథ బాబూ. మా సంఘాల పేరులో ఉన్న పునీత విన్సెంటు గారికి 1617లో ఇలాగే జరిగింది. ఫ్రాన్సులో శాటియోన్ అనే చిన్న ఊళ్లో ఆయన చర్చి గురువు. పూజకి సిద్ధమవుతుంటే ఎవరో వచ్చి, ఊరి బయట ఒక ఇంట్లో అందరూ జబ్బుపడ్డారు, చేసేవాళ్లు లేరు అని చెప్పారు. ఆయన ప్రసంగంలో ఆ మాట అన్నాడు. మధ్యాహ్నం తను వెళ్తుంటే దారంతా జనం, గంపలతో వెళ్లేవాళ్లు, ఇచ్చి తిరిగొచ్చేవాళ్లు. ఒక్క ఇంటికి ఒక్క పూటే ఊరి తిండంతా. ఈ రోజు తిన్నంత తిని మిగతాది పారేస్తారు, రేపు మళ్లీ పస్తు అనుకున్నాడాయన. జనానికి దయ లేక కాదు, వరస లేక. వెంటనే ఊళ్లో ఆడవాళ్లని కూర్చోబెట్టి వంతులు రాయించాడు. ఈ రోజు నువ్వు, రేపు ఆవిడ. ఆ వంతుల కాగితమే మా అందరికీ తాత.

అందుకే అమ్మాయ్, నువ్వు రెండో ఆదివారం ఒప్పుకుంటే ప్రతి రెండో ఆదివారం వెళ్లాలి. ఒక్కసారి వెళ్లి ఏడ్చి వచ్చేవాళ్లు మాకు బోలెడుమంది వస్తారు. నువ్వు రాని రోజు ఆ మామ్మ సాయంత్రం దాకా గడపలోనే కూర్చుంటుంది.

దుబాయ్‌లో కాశీబుగ్గోడు
డబ్బు ఎక్కడ్నుంచి వస్తుంది వీళ్లకి? ఫారిన్ ఫండ్సా? నేను కొంత పంపొచ్చా? మా అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, వాడూ అడుగుతున్నాడు.

లెడ్జరు
ఇది నా ఏరియా. బరంపురంలో ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను, నాలుగైదు చిన్న ట్రస్టుల లెక్కలు నా చేతిమీదుగా వెళ్తాయి.

మీది ఇండియన్ పాస్‌పోర్టే అయితే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. ఎక్కడ కూర్చుని పంపారన్నది కాదు, ఏ దేశ పౌరుడన్నది లెక్క. మీ అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం ఆయన పంపేది విదేశీ విరాళమే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ పది డాలర్లు కూడా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోకే ముందు రావాలి. ఇంకో సంస్థకి పంచకూడదు. ఆఫీసు ఖర్చులు ఇరవై శాతం దాటకూడదు, అంతకుముందు యాభై ఉండేది. ఈ పంచకూడదన్న దానితోనే చిన్నవాటికి దెబ్బ తగిలింది. పెద్ద సంస్థ దగ్గర తీసుకుని ఊళ్లో ఖర్చుపెట్టే చిన్న సంఘాలకి ఆ దారి మూసుకుపోయింది.

పన్ను మినహాయింపు కావాలంటే సంస్థకి 80జి ఉందా అని అడగండి. నగదు రెండు వేలు దాటితే మినహాయింపు రాదు. బియ్యం, బట్టలు ఇస్తే అసలు లెక్కలోకి రావు. పుణ్యం వేరే ఖాతా.

బరంపురం బామ్మ
చర్చి సంఘాలకి ఫారిన్ డబ్బు అనుకుంటారు అందరూ. మా సంఘానికి ఫారిన్ నుంచి ఇప్పటిదాకా వచ్చింది ఒక్కటే, ఓజనామ్ గారి పటం. ఫ్రేము మేమే కట్టించాం. మిగతాదంతా ఆ గుడ్డ సంచీ, పిడికెడు బియ్యం. ప్రతి ఇంట్లో ఎసరు పెట్టేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. నెలకి ఇంటికి రెండు మూడు కిలోలు పోగవుతాయి. రకరకాల బియ్యం కలిసిపోయి సరిగ్గా ఉడకవు, అదొక్కటే బాధ. సన్నవి జావ అవుతాయి, ఉప్పుడు బియ్యం పలుకు మీద ఉంటాయి.

మోడరేటర్
అకౌంట్ నంబర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు. ప్రైవేట్ మెసేజ్ వాడండి.

సవర మాస్టారు
నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. కొండ ఊళ్ల బడుల్లోనే సర్వీసంతా అయింది. అమ్మాయి "సవర ఒక్క ముక్క రాదు" అన్న మాట దగ్గర ఆగాను.

పర్లాకిమిడిలో ఉంటూ ఆ మాట అంటే గిడుగు రామమూర్తి గారికి కోపం వస్తుందమ్మా. ఆయన ఈ ఊరి రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సంతకొచ్చే సవరలతో మాట్లాడాలని ఆ భాష నేర్చుకున్నాడు. వాళ్లకి బళ్లు పెట్టాడు, పుస్తకాలు రాశాడు. 1931లో సవర భాషకి వ్యాకరణం అచ్చయింది. మనం ఆయన్ని వ్యావహారిక తెలుగు కోసమే గుర్తుపెట్టుకుని ఆగస్టు 29న దండలేస్తాం. సవరలకి సొంత లిపి కూడా ఉంది. 1936లో మంగై గొమాంగో తయారుచేశాడు. ఒడిశా రాష్ట్రం ఏర్పడి, మన పర్లాకిమిడి మద్రాసు నుంచి ఇటు వచ్చిన ఏడాదే అది.

నువ్వు వ్యాకరణం నేర్చుకోనక్కర్లేదు. "బాగున్నారా", "నొప్పి ఎక్కడ", "తిన్నారా", "మళ్లీ వస్తాను". ఈ నాలుగు ఆ ఊరి పిల్లల్నే అడిగి నేర్చుకో. తప్పుగా పలుకు, వాళ్లు పడీపడీ నవ్వుతారు. అక్కడితో సగం పని అయిపోతుంది. ఒడియా చదవడం మాత్రం గట్టిగా పట్టు. మన తెలుగువాళ్లకి ఆ అక్షరాలన్నీ గుండ్రంగా ఒకేలా కనిపిస్తాయి. పైనున్న గొడుగులాంటి వంపు వదిలేసి కింద భాగం చూడటం అలవాటు చేసుకో.

చోడి అంబలి (మూడు వారాల తర్వాత)
వెళ్లొచ్చాను. రెండుసార్లు.

అమ్మ మొదటిసారి పంపేటప్పుడు నా బొట్టు కొంచెం పెద్దది పెట్టి పంపింది. ఆంటీ చూసి నవ్వుకున్నారు, ఏమీ అనలేదు. ఏడింటి బస్సు దిగి రెండు కిలోమీటర్లు నడక. ఒక సిస్టర్, ఆంటీ, ఇంకో అంకుల్, నేను.

మొదటి ఇల్లు ఒక మామ్మది. తెలుగే మాట్లాడుతుంది, కళ్లు సరిగా కనబడవు. వెళ్లగానే పాత బిస్కెట్ల డబ్బా తీసి నా ఒళ్లో పెట్టింది. నిండా కాగితాలు. రేషన్ కార్డు, పింఛను పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, చనిపోయిన తాతగారి ఓటరు కార్డు, ఎప్పటివో ఆసుపత్రి చీటీలు, ఎవరిదో పెళ్లి శుభలేఖ. ఏ పనికైనా డబ్బాడబ్బా పట్టుకెళ్తుందట. కౌంటర్లో విసుక్కుంటారట. "ఏది దేనికో సెప్పు గుంటా" అంది. చెప్తే గుర్తుండదు కదా. ఆంటీ జాకెట్టు దారాలు తెప్పించారు. రేషన్ కార్డుకి ఎర్రదారం, పింఛను పుస్తకానికి నల్లదారం. పాస్‌బుక్‌కి తెల్లదారం, రెండు ముళ్లు. మామ్మ కళ్లు మూసుకుని ముళ్లు తడిమి "బేంకు" అంది. శుభలేఖ పారేద్దామా అంటే ఒప్పుకోలేదు. దానికీ ఒక దారం కట్టమంది.

రెండో ఇల్లు ఒక అబ్బాయిది, సవర. నాకంటే చిన్నవాడే. చెన్నైలో బిల్డింగ్ పనికి వెళ్లి దగ్గుతో తిరిగొచ్చాడు. టీబీ అన్నారు. రెండు నెలలుగా మందులు వాడుతున్నాడు. గవర్నమెంటు ఇస్తానన్న పోషకాహారం డబ్బు ఒక్క రూపాయీ పడలేదు. పాస్‌బుక్ చూస్తే మూడేళ్లుగా ఏ లావాదేవీ లేదు. ఖాతా మూగబోయి ఉంది. దాన్ని మళ్లీ తెరిపించడానికి ఫారం ఒడియాలో. అరగంట పట్టింది మాస్టారూ, మీ గొడుగు చిట్కాతోనే చదివాను.

ఒక తప్పు చేశాను. ఆ అబ్బాయి పక్కన కూర్చుని ఒక సెల్ఫీ తీసి స్టేటస్ పెట్టాను. మంచి ఉద్దేశంతోనే. బస్సులో ఆంటీ చూసి, "అతనికి టీబీ అని నీ ఫోన్లో ఉన్న మూడు వందల మందికి చెప్పావు" అన్నారు. అంతే అన్నారు. తీసేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నౌపడా జంక్షన్
ఫోటోల విషయంలో నేను ఒప్పుకోను. ఫోటో లేకపోతే డబ్బిచ్చినవాడు ఎలా నమ్మాలి? ఎన్ని దొంగ ట్రస్టులు లేవు?

లెడ్జరు
బిల్లు ఫోటో పెట్టండి. బియ్యం డబ్బాల ఫోటో పెట్టండి. మనిషి మొహం వోచరు కాదు.

తిత్లీ తర్వాత
నౌపడా అన్న మాటలోనూ కొంత నిజం ఉంది. తిత్లీ అప్పుడు ఫోటోలు వెళ్లాకే టార్పాలిన్లు వచ్చాయి. ఇల్లు కూలిన ఫోటో వేరు, జబ్బు మనిషి ఫోటో వేరు అనుకుంటాను. గీత ఎక్కడ గియ్యాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

తెల్లకోటు కాదు తెల్లచీర
నేను నర్సుని, గజపతిలోనే. కొన్ని మాటలు.

చోడి అంబలి గారూ, మాస్క్ పెట్టుకున్నారా? పెట్టుకోకపోతే ఇకపై పెట్టుకోండి. మందులు మొదలుపెట్టి సరిగ్గా వాడుతుంటే మామూలు టీబీ కొన్ని వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది, కాబట్టి భయపడి అతన్ని వెలివేసినట్టు చెయ్యొద్దు. గిన్నెలు, కంచాలతో అంటుకోదు. తలుపులు, కిటికీలు తెరిచి, వీలైతే బయట అరుగు మీద కూర్చోండి. కోర్సు ఆరు నెలలు. మందులు ఉచితం. పోషకాహారం డబ్బు 2018లో నెలకి ఐదు వందలతో మొదలైంది, 2024 నవంబరు నుంచి వెయ్యి చేశారు. ఆధార్ కలిపిన, నడుస్తున్న ఖాతా ఉంటేనే పడుతుంది.

ఇంకోటి అడగండి. ఒంటికి వెళ్తే ఎర్రగా, నారింజ రంగులో వస్తోందా అని. ఆ మందుల్లో ఒకదానితో అలా వస్తుంది, అది మామూలే. అది ఎవరూ ముందు చెప్పక, రక్తం పోతోందని హడలిపోయి మందులు పొయ్యిలో పారేసినవాళ్లని నేను చూశాను. రెండో నెలలో దగ్గు తగ్గగానే "బాగైపోయింది" అని మానేస్తారు చాలామంది. మీరు ప్రతి రెండో ఆదివారం వెళ్లి చెయ్యగలిగిన అతిపెద్ద పని, ఖాళీ అయిన బిళ్లల అట్టలు చూపించమని అడగడం.

చోడి అంబలి
అడిగాను అక్కా. ఎర్రగా వస్తోందనే భయపడ్డాడట. నాతో చెప్పలేదు, అంకుల్‌తో చెప్పాడు. మీరు చెప్పిన మాటే అంకుల్ చెప్పారు. అట్టలు దాచి ఉంచమన్నాను. ఇప్పుడు చూరులో దోపి పెడుతున్నాడు.

అమ్మ సంగతి అడిగారు కొందరు మెసేజ్‌లో. అమ్మ ఇప్పుడు ఆదివారం పొద్దున్నే లేచి చోడిపిండి మూట కడుతోంది. "వాడు గుడ్లు తింటాడా?" అని అడిగింది. బొట్టు మాత్రం ఇంకా పెద్దదే పెడుతోంది.

సవర మాస్టారు
నాలుగు ముక్కలు వచ్చాయా?

చోడి అంబలి
రెండొచ్చాయి మాస్టారూ. "మళ్లీ వస్తాను" అన్నది తప్పుగా అంటున్నానట. ఊళ్లో పిల్లలు నేను కనబడగానే అదే నా పేరులా అరుస్తున్నారు.

చోడి అంబలి (రెండు నెలల తర్వాత)
ఖాతా తెరుచుకుంది, డబ్బు పడింది. కానీ ఈ ఆదివారం వెళ్తే అతను లేడు. మేస్త్రీ వచ్చి పిలిస్తే మళ్లీ చెన్నై వెళ్లిపోయాడట. ఇంకా నెలన్నర మందులు ఉన్నాయి. చూరులో చూస్తే ఖాళీ అట్టలతోపాటు నిండు అట్ట ఒకటి ఉండిపోయింది. వాళ్లమ్మ "తగ్గిపోనాది కదా" అంటోంది. ఏం చెయ్యాలో తోచట్లేదు. ఫోన్ కలుస్తోంది కానీ ఎత్తట్లేదు.

తెల్లకోటు కాదు తెల్లచీర
కంగారుపడకండి. అతనికి నిక్షయ్ ఐడీ అని ఒక నంబరు ఉంటుంది, చీటీ మీద చూడండి. ఆ నంబరుతో ఏ రాష్ట్రంలోనైనా గవర్నమెంటు సెంటర్లో అదే కోర్సు కొనసాగించొచ్చు. ఇక్కడి నుంచి అక్కడికి మార్పించడం నేను చూసుకుంటాను. ఆ నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా పంపండి. చెన్నైలో ఎక్కడో తెలిస్తే చాలు. కానీ అక్కడ అతన్ని వెతికి పట్టుకుని తీసుకెళ్లే మనిషి కావాలి.

చోడి అంబలి
చీటీ దొరికింది, నంబరు మీకు పంపాను అక్కా. వాళ్లమ్మకి ఊరి పేరు తెలీదు. "తాంబరం" అన్న మాట మాత్రం కొడుకు నోట విన్నానంటోంది. అక్కడ తెలుగువాళ్లెవరైనా ఉన్నారా ఈ వేదికలో?

పల్లావరం సోంపేట
నేనున్నాను. తాంబరం శానటోరియం స్టేషన్ నాకు రెండు స్టేషన్ల దూరం. 1928 నాటి టీబీ ఆసుపత్రి అక్కడే ఉంది, ఆ స్టేషన్ పేరే దాని మీద వచ్చింది. నాకు ఒడియా రాదు, తమిళం వచ్చు. మా ఇంటి పక్క సైటులో పనిచేసేవాళ్లంతా గంజాం కుర్రాళ్లే, ఒకణ్ణి తోడు తీసుకెళ్తాను. ఆదివారం పొద్దున్న ఖాళీ. మేస్త్రీ పేరు, ఆ అబ్బాయి ఎలా ఉంటాడో విడిగా రాయండి. ఫోటో వద్దులెండి.